ఆపరేషన్ జీరో బల్బు

“ఆ అమ్మాయి సాయంత్రం దాకా బతికి ఉండాలి,” అన్నాడు చీఫ్ శ్యాంప్రసాద్.

ఉమామహేష్ ఆవలింత ఆపుకుందామని చూశాడు. కుదరలేదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక, షట్టరు సగం దించిన గోడౌను. బయట ఇంకా పూర్తిగా తెల్లారలేదు. లోపల బెల్లం దిమ్మల మీద లాప్‌టాప్, లాప్‌టాప్‌లో ఒక ఫోటో. నవ్వుతున్న అమ్మాయి. చేతుల నిండా గోరింటాకు.

“పేరు ఆర్జూ. ఫర్మ్‌వేర్ ఇంజనీరు, పరికరాల లోపలి కోడ్ రాస్తుంది. పెళ్ళయి నెల.”

“పెళ్ళి సంగతి కూడా బ్రీఫింగులో భాగమేనా సర్?”

“భాగమే. మొగుణ్ణి వదిలి రానంది. అతని పేరు ఆదిల్, బ్యాంకు ఉద్యోగి. సేఫ్ హౌస్‌లో ఇద్దరూ ఉన్నారు.”

చీఫ్ మిగతాది గబగబా చెప్పాడు. పెలికాన్ అనే విదేశీ ముఠా. కారుచవగ్గా స్మార్ట్ హోమ్ హబ్‌లు అమ్ముతుంది. లైట్లు, తలుపులు, ఫ్యాన్లు అన్నీ ఆ హబ్ చెప్పినట్టు వింటాయి. నేవీ ఆఫీసర్ల క్వార్టర్సులోకి కూడా వెళ్ళాయి. వాటిలో దాచిన కోడ్ ఒకటి ఇంట్లో ఎవరున్నారో, ఏం మాట్లాడుకున్నారో బయటికి చేరవేస్తోంది. దాన్ని కనిపెట్టింది ఆర్జూ. ఈ సాయంత్రం విశాఖలో కమిటీ ముందు హబ్ విప్పి చూపించాలి. వేరే ఎవరు తెరవబోయినా ఆ కోడ్ తనని తాను చెరిపేసుకుంటుంది. అందుకే పెలికాన్‌కి హబ్‌తో పని లేదు. ఆర్జూ లేకపోతే చాలు.

“మూడింటికి ఎస్కార్ట్ వస్తుంది. అప్పటిదాకా నువ్వొక్కడివే.”

“బందోబస్తు?”

“చోడవరంలో ఒక ఇంటి ముందు పోలీసు జీపు ఆగితే ఏమవుతుందో నీకు తెలీదా? సగం ఊరు ‘ఏటయింది’ అంటూ వచ్చేస్తుంది. నువ్వు స్మార్ట్ లైట్లు బిగించే మెకానిక్‌వి. ఫోన్ కాల్స్ వద్దు. నాకు చెయ్యకు, నేనూ చెయ్యను.”

గోడౌను మూల నుంచి అశ్విని సూట్‌కేసుతో ముందుకొచ్చింది. ఇంటెలిజెన్స్‌లో టెక్నికల్ వింగ్ మనిషి. ఆ జిగట గోడౌనులో కూడా ఆమె పట్టుచీర మీద ఒక్క మరక లేదు. ఈగలు సైతం ఆమెకి దారి ఇచ్చాయి. సూట్‌కేసు తెరిస్తే తెల్లటి పరికరాలు వరసగా మెరిశాయి.

“తలుపు తాళం, కెమెరా, సెన్సర్లు. అన్నీ వై-ఫై, ఒకే యాప్. ఇల్లెక్కడో నాకు తెలీదు సర్, తెలియక్కర్లేదు. బిగించండి, కుర్చీలో కూర్చోండి. అంతే.”

కుర్చీ అనే మాట ఉమామహేష్‌కి నచ్చింది. అయినా వెళ్తూ వెళ్తూ స్టోరులోంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకున్నాడు. జిగ్‌బీ అనే వేరే వైర్‌లెస్ పద్ధతి సెన్సర్లు, బల్బులు, బ్యాటరీతో నడిచే చిన్న హబ్.

అశ్విని నవ్వింది. “మ్యూజియం సామానా సర్?”

“నేను కూడా అక్కణ్ణించే వచ్చేనమ్మా,” అన్నాడు ఉమామహేష్.

* * *

షేర్ ఆటోలో వెనక సీటు మధ్యలో ఇరుక్కుని, ఒడిలో సూట్‌కేసు, దాని మీద అట్టపెట్టెతో అతను చోడవరంలో దిగాడు. క్రషింగ్ సీజన్. గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి ఉన్నాయి. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. గాలి మాత్రం వేడి చెరకురసం వాసనతో ఉంది. అంత అలసటలోనూ ఆ గాలి గుండెల నిండా పీల్చుకోవాలనిపించి, పీల్చాడు.

గోవాడ రోడ్డులో డాబా ఇల్లు. వెనక పెరడు, గేటు, గేటు అవతల చెరకు తోట. ఇంటావిడ తాయారు. ఆమె భర్త డిపార్ట్‌మెంటులో డ్రైవరుగా పనిచేసి పోయాడు.

ఉమామహేష్ గొంతు తగ్గించి పాస్‌వర్డ్ చెప్పాడు. “ఫ్యాక్టరీ సైరన్ మోగిందా?”

‘మోగింది, మేమే వినలేదు’ అని ఆమె జవాబివ్వాలి.

తాయారు వాకిట్లోకి వచ్చి చెవి ఒగ్గింది. “ఇంకా నేదు బాబూ. ఎనిమిదికి గదా మోగుతాది. ఏటి, ఫేక్టరీలో పనా?”

“పెద్దమ్మా... శ్యాంప్రసాద్ గారు...”

“ఓలమ్మ, నువ్వా! ఆ మాటేదో కాయితమ్మీద రాసిచ్చేరు. ఎక్కడెట్టీసేనో. రా, రా, టీ తాగు.”

లోపల ఆర్జూ, ఆదిల్ నేల మీద కూర్చుని ఒక స్మార్ట్ బల్బుతో ఆడుకుంటున్నారు. ఫోన్‌లో వేలు కదిపితే గోడంతా నారింజ రంగు, ఇంకాస్త కదిపితే గులాబీ.

“హాల్లో ఇదే ఉండాలి,” అంది ఆర్జూ.

“హాల్లో ఆ రంగుంటే మా నాన్న కళ్ళజోడు మార్చుకుంటాడు,” అన్నాడు ఆదిల్.

తమని చంపడానికి మనుషులు వెతుకుతున్నారని ఇద్దరికీ తెలుసు. అద్దెకి దొరకబోయే ఇంటికి ఏ రంగు లైట్లు పెట్టుకోవాలో కూడా తేల్చుకోవాలి. రెండో పనే వాళ్ళకి అర్జెంటుగా ఉంది. ఉమామహేష్ కాసేపు ఆ గులాబీ గోడనే చూస్తూ నిలబడ్డాడు. ఈ వెలుగు ఆరిపోకూడదు, అంతే, అనుకున్నాడు. చాలాకాలం తర్వాత ఒక మిషన్ అతనికి ఇంత తేలిగ్గా అర్థమైంది.

ఆర్జూ సూట్‌కేసు తెరిచి చూసి పెదవి విరిచింది. “అన్నీ వై-ఫైయేనా అంకుల్?”

“ఎందుకమ్మా, బాలేదా?”

“వీడియో కావాలంటే వై-ఫైయే గతి. కానీ గేటు సెన్సరుకి ఎందుకు? బ్యాటరీ ఊరికే తినేస్తుంది. పైగా రౌటర్ పోయిందా, అన్నీ ఒకేసారి మూగబోతాయి.”

“బ్లూటూత్?”

“అది చెవిలో గుసగుస. పక్క గది దాటి వినిపించదు. ఆదిల్ నిద్రలో మాట్లాడినట్టే.”

“నేను మాట్లాడను!” అన్నాడు ఆదిల్.

“మాట్లాడతావు. రాత్రి ఎవరికో లోను శాంక్షన్ చేసేవు.”

ఉమామహేష్ అట్టపెట్టె తెరిచాడు. జిగ్‌బీ చూడగానే ఆర్జూ కళ్ళు వెలిగాయి. “ఇదీ పని చేసేది! గేటు దగ్గర సెన్సరు పక్క బల్బుకి చెప్తుంది, ఆ బల్బు ఇంకో బల్బుకి, అలా చేతులు మారుతూ హబ్ దాకా వచ్చేస్తుంది. ఇంటర్నెట్‌తో పన్లేదు. జడ్‌-వేవ్ ఐతే గోడల్లోంచి ఇంకా బాగా వెళ్తుంది గానీ మన దేశానికి సరిపడేవి దొరకడం కష్టం.”

అలా నిర్ణయమైపోయింది. కాపలా అంతా జిగ్‌బీ మీద. వీడియో కోసం కెమెరా మాత్రం వై-ఫై. అది పంపే బొమ్మ ఈ ఇంటి రౌటర్ దాటి బయటికి వెళ్ళకుండా ఆర్జూ సెట్టింగు మార్చింది. తలుపు తాళం కూడా వై-ఫైదే. దాన్ని పక్కన పడేసి మామూలు తాళం వేద్దామా అని ఉమామహేష్ ఒక్క క్షణం అనుకున్నాడు. స్క్రూడ్రైవరు కోసం మళ్ళీ వంగాలి. నడుం వద్దంది. బిగించేశాడు.

* * *

గంట గడవకముందే హబ్ తెర మీద ఎర్ర అక్షరాలు. గేట్ సెన్సర్ ఆఫ్‌లైన్.

ఉమామహేష్ పెరట్లోకి వెళ్ళాడు. సెన్సరు నొక్కాడు. హబ్ దగ్గరికి వచ్చాడు. పనిచేస్తోంది. కూర్చున్నాడు. మళ్ళీ ఆఫ్‌లైన్. మళ్ళీ పెరడు, మళ్ళీ నొక్కడం, మళ్ళీ కుర్చీ. ఈసారి కుర్చీలో వీపు ఆనకముందే వంటింటి బల్బు కూడా పోయింది. తర్వాత నడవా బల్బు. ఎవరో ఇంట్లో గది తర్వాత గదిగా నడుస్తూ ఒక్కొక్క దాన్నీ చంపుతున్నారు.

చెయ్యి నడుం దగ్గరి పిస్తోలు మీద వేసి అతను నడవాలోకి దూకాడు.

తాయారు. చేతిలో చీపురు. ఆమె వేలు గోడ మీది స్విచ్ దగ్గర ఉంది. టప్.

“పెద్దమ్మా! స్విచ్చిలు మీరా ఆపుతన్నారు?”

“మరి? మనిసి నేని గదిలో లైటేటి బాబూ?”

“అవి లైట్లు కావు పెద్దమ్మా. ఒకదానికొకటి కబుర్లు అందిస్తాయి. స్విచ్ ఆపితే కబురు అక్కడే ఆగిపోతాది.”

“కబుర్లా?” తాయారు బల్బు వైపు అనుమానంగా చూసింది. “పట్టపగలు కబుర్లేటి వీటికి. సరే, ముట్టనులే.”

మాట ఇచ్చి పక్క గదిలోకి వెళ్ళింది. టప్. “అయ్యో, సెయ్యి ఊరుకోదు బాబూ!” అని లోపల్నుంచి వినిపించింది.

హాల్లో రౌటర్‌దీ అదే గతి. గదిలోంచి అడుగు బయట పెడితే చాలు, దాని స్విచ్ కట్టేస్తుంది. “ఊరికే మినుకుమినుకుమంటంటే సూడబుద్దెయ్యదు” అన్నది ఆమె వాదన. ఆదిల్ వేస్తాడు, ఆమె ఆపుతుంది. మళ్ళీ ఆదిల్.

ఉమామహేష్ గోడకి జారగిలబడ్డాడు. తన సర్వీసులో సరిహద్దులు దాటాడు, గడ్డాలు మార్చాడు, పరాయి భాషల్లో అబద్ధాలాడాడు. స్విచ్ ఆపే అలవాటున్న ఆడమనిషిని ఎలా ఎదుర్కోవాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

“పెద్దమ్మా,” అన్నాడు నీరసంగా. “ఈ ఇంట్లో మీరు ఎప్పుడూ ఆపనిది ఏదన్నా ఉందా?”

తాయారు ఆలోచించింది. “ఫ్రిజ్. ఆపితే పాలిరిగిపోవూ? ఇంకా... దేవుడి గూట్లో జీరో బల్బు. అది మాయన ఉన్నప్పట్నించీ ఎలగతానే ఉంది.”

ఆర్జూ చప్పట్లు కొట్టింది. ఫ్రిజ్ వెనక ప్లగ్గుకి జిగ్‌బీ ప్లగ్గు తగిలించారు. దేవుడి గూట్లో పాత జీరో బల్బు తీసి జిగ్‌బీ బల్బు పెట్టారు. ఆదిల్ ఫోన్‌లో వెలుగు బాగా తగ్గించి, వెతికి వెతికి కుంకుమ రంగు పట్టాడు. తాయారు దూరంగా నిలబడి చూసి, “పాతదానికంటే బాగుంది” అని దణ్ణం పెట్టుకుంది.

గేటు నుంచి గూటికి, గూటి నుంచి ఫ్రిజ్‌కి, ఫ్రిజ్ నుంచి వంటింట్లో ఉన్న హబ్‌కి. ఈసారి దారి తెగలేదు. తాయారు ఇల్లంతా చీకటి చేసినా తెగలేదు.

“ఈ డబ్బా కూసిందంటే వంటింటి తలుపు గడియ వేసీండి పెద్దమ్మా,” అన్నాడు ఉమామహేష్.

“అలాగే. ముందు ఉప్మా తిను. మొకం సూడు, ఒడిలిపోయింది.”

ఉప్మాలో జీడిపప్పు తగిలింది. హబ్ తెర పచ్చగా ఉంది. ఈ రెండు సంగతులు కలిసి అతనికి ఒక్క నిమిషం సుఖాన్నిచ్చాయి.

* * *

మధ్యాహ్నం తెల్ల కారు ఒకటి ఇంటి ముందు ఆగింది. నల్ల కళ్ళజోడుతో అశ్విని దిగి హాల్లోకి వచ్చింది. ఆమె వెనక వీధి తలుపు తాళం దానంతట అదే పడింది.

“ప్లాన్ మారింది సర్. ఎస్కార్ట్ చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయింది. చీఫ్ నాకు అడ్రస్ ఇచ్చి పంపారు. ఆర్జూని నా కార్లో తీసుకెళ్తాను. మీరు ఇంటికెళ్ళి పడుకోండి.”

పడుకోండి. ఉమామహేష్‌కి ఆ మాట చల్లటి నీళ్ళలా అందింది. చీఫ్‌కి ఫోన్ చేసి కనుక్కోవడానికి లేదు. ట్రాక్టర్ల సంగతి ఎలాగూ అబద్ధం కాదు. టెక్నికల్ వింగ్ మనిషి. ఆ అమ్మాయిని అప్పజెప్పేస్తే, ఇంక కళ్ళు మూసుకోవచ్చు. ‘సరే’ అనడానికి శరీరంలో ప్రతి ఎముకా సిద్ధంగా ఉంది.

“ఆర్జూ, బ్యాగు సర్దుకోమ్మా,” అన్నాడు. ఎండలో వచ్చిన మనిషి కదా అని అశ్విని హ్యాండ్‌బ్యాగు కూడా అందుకుని తన కుర్చీ పక్కన పెట్టుకున్నాడు. ఆమె సోఫా అంచున కూర్చుని, హాలంతా ఒకసారి కలయజూసి, కాలు మీద కాలు వేసుకుంది.

తాయారు మంచినీళ్ళిచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్తూ, అలవాటు చొప్పున రౌటర్ స్విచ్ మీద వేలు పెట్టింది.

అశ్విని ముద్దుగా విసుక్కుంది. “పొద్దుట్నించీ రౌటర్ అలా ఆపేస్తూ ఉంటే ఎలా పెద్దమ్మా?”

“ఏటి సేతునమ్మా, ఊరుకోబుద్దెయ్యదు,” అని తాయారు వేలు తీసేసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఉమామహేష్ కదల్లేదు. నిద్ర మాత్రం అతని లోపల్నుంచి లేచి వెళ్ళిపోయింది.

అశ్విని ఈ ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగినంత సేపయింది. పొద్దుట్నుంచి రౌటర్ ఆగుతోందని ఆమెకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కెమెరా చెప్పింది. ఇల్లు దాటకూడని బొమ్మ ఆమె ఫోన్‌కి పోతోంది. స్విచ్ ఆగినప్పుడల్లా తెగుతోంది. మళ్ళీ పోతోంది. ఈ ఇల్లెక్కడో కూడా అదే చెప్పి ఉంటుంది. పెలికాన్ హబ్‌లో ఉన్న కోడే ఇందులోనూ ఉంది. డిపార్ట్‌మెంటు సామాను కదా అని దాన్ని విప్పి చూడాలని ఆర్జూకి తోచలేదు, అతనికీ తోచలేదు.

ఆర్జూ బ్యాగు భుజాన వేసుకుని వచ్చింది.

“కింద పెట్టమ్మా,” అన్నాడు ఉమామహేష్ మామూలుగా. “భోంచేసి వెళ్దాం. పెద్దమ్మ చేపల పులుసు పెట్టింది.”

“టైం లేదు సర్,” అంది అశ్విని.

“పులుసుకి టైమేంటమ్మా.”

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అశ్విని చిరునవ్వు అలాగే ఉంది, కళ్ళలోంచి మాత్రం పోయింది. ఒడిలో ఉన్న ఫోన్ మీద ఆమె బొటనవేలు కదిలింది.

వంటింట్లో హబ్ కీచుమని అరిచింది. వెనక గేటు!

“గడియ పెద్దమ్మా!”

వంటింటి తలుపు గడియ ధడాల్న పడింది. మరుక్షణమే బయట్నుంచి ఎవరో భుజంతో గుద్దారు. తలుపు ఊగింది, గడియ ఆగింది.

అశ్విని చెయ్యి పక్కకి వెళ్ళి ఖాళీగా తడుముకుంది.

“ఇదా?” అన్నాడు ఉమామహేష్. హ్యాండ్‌బ్యాగు అతని ఒడిలో ఉంది. లోపలి పిస్తోలు అప్పటికే అతని చేతిలో ఉంది.

“తాళం నా చేతిలో ఉంది సర్,” అంది అశ్విని ఫోన్ ఎత్తి చూపిస్తూ.

వీధి తలుపు దగ్గర చిన్న మోటారు చప్పుడు. జ్‌జ్‌జ్. వై-ఫై తాళం తనంతట తనే తిరగడం మొదలుపెట్టింది. తలుపు అవతల మగ గొంతు, మెట్ల మీద బూట్లు.

“పెద్దమ్మా, రౌటర్ ఆపీ!” అని అరిచాడు ఉమామహేష్.

తాయారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు వేసుకుంది. “పొద్దుట్నించి ఆపొద్దు ఆపొద్దని నువ్వే సంపీసేవు! ఈవిడా అదే మాటంది. ఇప్పుడు ఆపమంటావు. ముందు మీరు మీరు తేల్సుకోండి, నానింక ముట్టను!”

ఆదిల్ బ్యాంకులో కుర్చీ దిగని మనిషి. పరుగున వెళ్ళి తలుపుకి వీపు ఆనించి కాళ్ళు తన్నిపెట్టాడు. “ఆర్జూ! వైరు!”

ఆర్జూ స్విచ్ కోసం చూడలేదు. రౌటర్ వైరు రెండు చేతులా పట్టుకుని లాగింది. ప్లగ్గు ఊడొచ్చింది, ఆమె వెల్లకిలా పడింది, రౌటర్ ఆమె గుండెల మీద పడింది.

మోటారు చప్పుడు ఆగిపోయింది. తాళం నాలుక ఇంకా చౌకట్టు లోపలే ఉంది, గోరంత మేర.

బయట ఒకటి, రెండు గుద్దులు. ఆదిల్ ఒళ్ళంతా అదిరింది. కదల్లేదు. తర్వాత బూట్ల చప్పుడు మెట్లు దిగింది.

వెనక గేటు వైపు వచ్చినవాడు చెరకు తోటలోకి దూకాడు. పెరట్లోంచి అడవిలా కనిపించిన ఆ తోటలో మిగిలింది నాలుగు వరసలే. మిగతాదంతా కూలీలు పొద్దుట్నుంచి నరికేశారు. వాడు అవతల బట్టబయలులో, కత్తులు పట్టుకుని అన్నం మూటలు విప్పుకుంటున్న కూలీల మధ్యలో తేలాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాడే చేతులెత్తాడు.

వీధి తలుపు వైపు వచ్చినవాడు అశ్విని తెల్ల కారెక్కి వంద గజాలు వెళ్ళి ఆగిపోయాడు. ముందు ట్రాక్టర్లు, వెనక ట్రాక్టర్లు. ఆ ట్రాక్టర్ల మధ్యే నిజంగా ఇరుక్కుని ఉన్న ఎస్కార్ట్ వాళ్ళు వ్యాను దిగి, నడుచుకుంటూ వచ్చి అతన్ని పట్టుకున్నారు. అశ్విని ఆ రోజు చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

చేతులకి బేడీలు పడ్డాక కూడా ఆమె చీర మీద ముడత లేదు.

“ఎందుకమ్మా?” అని అడిగాడు ఉమామహేష్.

“అలిసిపోయాను సర్. ఈ ఒక్క పని చేస్తే చాలన్నారు. ఎక్కడో ఒక దీవిలో, ఎవరూ లేపని చోట...” ఆమె తల తిప్పుకుంది. “మీకు అర్థమవుతుందనుకున్నాను.”

అతనికి అర్థమైంది. ‘సరే’ అనడానికి తను ఎంత దగ్గరికి వెళ్ళాడో గుర్తొచ్చింది. ఎస్కార్ట్ ఆఫీసర్‌కి తల ఊపాడు.

* * *

విశాఖలో కమిటీ గది తలుపు సాయంత్రం చాలాసేపు మూసే ఉంది. బయట వరండాలో ఆదిల్ అటూ ఇటూ నడిచాడు. భుజం నొప్పికి రాసుకున్న బామ్ వాసన అతనితో పాటే నడిచింది. ఉమామహేష్ బెంచీ మీద కూర్చుని, నిద్రపోకుండా ఉండటానికి ఆ అడుగుల్ని వింటున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆర్జూ బయటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. కానీ నవ్వుతోంది.

“అయిపోయింది. అంతా చూశారు. ఒక్క బైటు కూడా పోలేదు.” ఆదిల్ చెయ్యి పట్టుకుంది. “ఆకలేస్తోంది. ముందు బిర్యానీ. తర్వాత కర్టెన్లు.”

“కర్టెన్లా? ఇప్పుడా?”

“షాపు మూసేస్తాడు, పద!”

ఇద్దరు సెక్యూరిటీ మనుషుల్ని వెంటేసుకుని, కర్టెన్ల రంగు గురించి పోట్లాడుకుంటూ వాళ్ళు మెట్లు దిగిపోయారు. మలుపు తిరిగేదాకా ఉమామహేష్ చూస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. చీఫ్.

“శెభాష్. ఇంకో సంగతి. టెక్నికల్ వింగ్‌లో సీటు ఖాళీ అయింది కదా, అది నీకే ఇస్తున్నాం. రాష్ట్రంలో ఉన్న సేఫ్ హౌసులన్నిటికీ వై-ఫై పెట్టాలా, బ్లూటూతా, జిగ్‌బీయా, ఇంకోటా... తెల్లారేసరికి నీ రిపోర్టు నా టేబుల్ మీద ఉండాలి. హలో? ఉమామహేష్? సిగ్నల్ ఉందా?”

ఉమామహేష్ ఫోన్ వైపు చూశాడు. సిగ్నల్ నిండుగా ఉంది. మనుషులు కనిపెట్టిన వైర్‌లెస్ పద్ధతులన్నిటిలోకీ నమ్మదగినది ఏదో ఆ క్షణంలో అతనికి స్పష్టంగా తెలిసిపోయింది. వేలితో నొక్కి ఫ్లైట్ మోడ్ పెట్టి, బెంచీ మీద కాళ్ళు బారజాపాడు.